చిన్నాయనను చంపిన కథ

ఇంగ్లీషు కథ అన్నాక చివర్లో ఎవరో ఒకరు చచ్చిపోవాలని నేను గట్టిగా నమ్మిన రోజులవి. వేంపల్లెలో తెలుగు మీడియంలో చదువుకుని, డిగ్రీలో ఇంగ్లీషు మీద మనసు పడి, కడపలో ఎమ్మే ఇంగ్లీషులో చేరాను. అందులో సృజనాత్మక రచన అని ఒక పేపరుండేది. సొంతంగా ఇంగ్లీషులో కథ రాసి, క్లాసులో నిలబడి చదవాలి. "బీయెడ్ చేస్తే సాలదా? కథలు రాసేదానికి కూడా ఒక సదువుండాదా?" అని మా నాయన అడ్డం తిరిగితే, ఆయనకు నచ్చజెప్పి నన్ను కాలేజీలో దిగబెట్టింది మా చిన్నాయనే. (ఆయనకు వచ్చిన ఇంగ్లీషు మాటలన్నీ ట్రాక్టరు సామాన్ల పేర్లే.)

మొదటిసారి చదవడానికి లేచినప్పుడు రెండు వాక్యాలు దాటలేదు. నా ఉచ్చారణకు వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. కూర్చుండిపోయాను. సార్ కోప్పడలేదు గాని, "వచ్చే శుక్రవారం పూర్తిగా చదవమ్మా. లేదంటే ఈ పేపరు వదిలేసి వేరేది తీసుకో" అన్నారు. వదలడమా? ఆ వారమంతా హాస్టలు మేడ మీద, ఆరేసిన బట్టల మధ్య నిలబడి గట్టిగా చదివాను. (నా గొంతు భరించలేక, గదిలో నాతో ఉండే పిల్ల చెవుల్లో దూది పెట్టుకుంది.)

శుక్రవారం లేచి నిలబడి మొదలుపెట్టాను. కథలో ఒక మెట్టపొలం, ఒక ట్రాక్టరు, ఒక చిన్నాయన. చివరి పేజీలో ట్రాక్టరు తిరగబడి ఆయన పోతాడు. అంతవరకూ బాగానే చదివాను. అక్కడికి రాగానే, నేను చంపిన మనిషి మీద నాకే దుఃఖం ముంచుకొచ్చింది. ఆపితే మళ్లీ కూర్చోబెడతారని భయం. అందుకే వెక్కుతూనే చదివాను.

సరిగ్గా అప్పుడే, ట్రాక్టరు సామాన్లు కొనడానికి కడపకొచ్చిన మా చిన్నాయన, నాకోసం తీపి ఓళిగల డబ్బా పట్టుకుని క్లాసు వాకిట్లోకి వచ్చాడు. చూస్తే అందరి ముందర నిలబడి ఏడుస్తున్న నేను, ఎదురుగా కుర్చీలో సార్.

"ఏం సారూ, మా పాపను నిలబెట్టి ఏడిపిస్తాండావే! అంత తప్పు ఏం చేసిందప్పా?"

"నేనేమీ అనలేదండీ. తన కథ చదువుతూ తనే ఏడుస్తోంది" అన్నారు సార్ కంగారుగా.

"కథకా? ఏమైంది పాపా కథలో?"

నేను కాగితాలు వెనక్కి దాచుకున్నాను. ముందు బెంచీ అమ్మాయి ఉత్సాహంగా, "వాళ్ల చిన్నాయన చచ్చిపోయినాడు" అంది.

"నేనా? ఎట్ల పోతి?"

"ట్రాక్టరు తిరగబడి..." అని నసిగాను.

అప్పుడొచ్చింది ఆయనకు అసలు కోపం. "నా చేతిలో ట్రాక్టరు తిరగబడేదేంది? వేంపల్లెలో ఎవుర్నన్నా అడుగు పో! సంపితే సంపినావు గానీ, బండి తోలడం రానోణ్ని చేస్తావా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. సార్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఆ గోలలో నేను కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. కానీ, "సార్, ఇంకొక్క పేరా ఉంది" అన్నాను.

"సదువు, సదువు. నా దినాలు ఎట్ల చేసినారో ఇంటా" అంటూ చిన్నాయన వెనక బెంచీలో కూర్చున్నాడు. ఈసారి అక్కడ ఎవరూ కిసుక్కుమనలేదు. చివరి మాట దాకా చదివి తలెత్తితే, ఒక్క ముక్క అర్థం కాని మా చిన్నాయన తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు. ఆ పేపరు నాకు దక్కింది, తర్వాత ఎమ్మే కూడా.

ఇప్పుడు నేనూ ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నాను, కథలు రాస్తున్నాను. రాసింది చదువుకుంటే తప్పులు కళ్లబడతాయి గాని కన్నీళ్లు రావు. ఒక్క పేరా కోసం మొండిగా నిలబడ్డ ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్లలా ఇంకొక్కసారి ఏడుస్తూ చదవాలనీ ఉంటుంది.