గెడ్డపాలెం స్టేషను ఎదుట రెండు వందల పన్నెండు అడుగులు

భూముల కొలతలు, దారుల నమోదు, రైళ్ల రాకపోకలు, బాటసారుల ప్రవర్తన అనే నాలుగు విషయాల్లో ఏదో ఒకదానిపై అధికారం కలిగిన పెద్దలందరి సముఖానికి, చోడవరం కాపురస్థుడూ, హైస్కూల్లో చరిత్ర బోధించే ఉపాధ్యాయుడూ అయిన నేను సవినయంగా సమర్పించుకునే ప్రయాణ వృత్తాంతం ఇది. ఇందులో ఏ భాగం ఏ శాఖకు చెందుతుందో తెలియనందువల్ల మొత్తం అందరికీ నివేదిస్తున్నాను. ఇటువంటి ప్రయాణం చేయదలచిన సామాన్య పాఠకులు కూడా చదువుకోవచ్చు. వారికి కావలసిన వేళలూ చార్జీలూ మధ్యలో ఉన్నాయి.

ఈ ప్రయాణానికి మూలం మా ఊరి రీడింగు రూములో జరిగిన వాదన. సీమదేశాల్లో పట్నవాసులు ఆదివారం నాడు రైలెక్కి, ఏదో పల్లె స్టేషనులో దిగి, పొలాల వెంట రోజంతా నడిచి, సాయంత్రం రైలుకు ఇల్లు చేరుకుంటారని ఒక పత్రికలో చూసి నలుగురికీ చదివి వినిపించాను. ఏ పని మీద నడుస్తారని ప్లీడరు గారు అడిగారు. పనేమీ లేదన్నాను. అది నేరం కాకపోవచ్చు గాని అనుమానాస్పదమని ఆయన అభిప్రాయపడ్డారు. అసలు చోడవరానికి రైలే లేదు కదా అని పోస్టుమాస్టరు గారు గుర్తుచేశారు. బస్సులో అనకాపల్లి చేరితే రైలు ఉన్నట్టే అని నేను వాదించి, చోడవరం వాసులు ఒక్క పగటిలో ముగించుకోగల నడకల పట్టిక తయారు చేస్తానని సభాముఖంగా ప్రకటించాను. చరిత్రలో అనేక విపత్తులు ఇటువంటి ప్రకటనలతోనే మొదలయ్యాయని పిల్లలకు బోధిస్తూనే ఉన్నాను.

చెరకు నరికే రోజుల్లో ఒక ఆదివారం, తెల్లవారుజామున ఐదున్నర బస్సు ఎక్కాను. అనకాపల్లికి చార్జీ ఆరణాలు. బస్సు సాధారణంగా గంటలో చేరుతుంది. బెల్లం మార్కెట్టుకు పోయే ఎడ్లబళ్లు ముందు తగిలితే మరో అరగంట కలుపుకోవాలి. ఆ రోజు తగిలాయి. టిక్కెట్టు కొడుతూ కండక్టరు నన్ను పలకరించాడు.

"ఎక్కడికి మేస్టారూ, ఇంత పొద్దున్నే?"

"అనకాపల్లిలో రైలెక్కి గెడ్డపాలెం వెళతాను."

"ఎవులున్నారక్కడ?"

"ఎవరూ లేరు."

"మరేటి పని?"

"నడవడానికి."

కండక్టరు నా ముఖం ఒకసారి పరీక్షగా చూసి, మరేమీ అడగకుండా, నన్ను లేపి డ్రైవరు పక్కన గాలి బాగా తగిలే చోట కూర్చోబెట్టాడు. ఆ సౌకర్యానికి అదనపు చార్జీ తీసుకోలేదు.

అనకాపల్లిలో ఏడుంబావుకు రాజమండ్రి వైపు పోయే పాసింజరు ఉంది. మూడో తరగతి టిక్కెట్టు మూడణాలు. ఎనిమిది కాకముందే గెడ్డపాలెంలో దిగాను. స్టేషను అంటే పెంకుటి గది, గంట, పచ్చజెండా పట్టుకున్న సింహాద్రి అనే పాయింట్సుమన్. నాతో పాటు పదిమంది దాకా ఊరివాళ్లు దిగి, తట్టలూ సంచులూ సర్దుకుని ఎడమకు తిరుగుతున్నారు. అటు గెడ్డ పారుతుంది. దాని గట్టు ఊరిని చుట్టుకుంటూ పోతుంది. ఎదురుగా మాత్రం కొత్తగా దున్నిన చిన్న పొలం చెక్క, దాని అవతల రెండు నిమిషాల దూరంలో ఊరి ఇళ్లు. కంటికి ఎదురుగా ఉన్న ఊరిని వదిలి జనం చుట్టూ తిరిగి పోవడం నాకు వయోజన విద్య లోపంగా తోచింది.

"ఊళ్లోకి దగ్గర దారి ఏది?" అని సింహాద్రిని అడిగాను.

"ఇలాగడ్డంగా ఎల్తే దగ్గిరే బాబూ, గానీ..."

ఆ 'గానీ' తర్వాత ఏముందో వినకుండా బయలుదేరాను. పాఠకులకు దూరాలు ఖచ్చితంగా చెప్పాలన్న పట్టుదలతో అడుగులు పైకి లెక్కపెడుతూ, ఇరవై అడుగులకోసారి ఆగి నోటుబుక్కులో గుర్తు వేసుకుంటూ నడిచాను. తలమీద టోపీ, చంకలో గొడుగు, కాళ్లకు బూట్లు. మొత్తం రెండు వందల పన్నెండు అడుగులు వచ్చాయి. 'నేల మెత్తన, పాదాలకు హాయి' అని రాసుకున్నాను. ఆ వాక్యాన్ని తరువాత కొట్టివేశాను.

అవతలి గట్టెక్కి వెనక్కి తిరిగి చూసి నిర్ఘాంతపోయాను. రైలు దిగిన వాళ్లంతా నా అడుగుల్లో అడుగు వేస్తూ ఒకరి వెనక ఒకరు వరసగా వస్తున్నారు. ఒకాయన సైకిలు కూడా తోసుకొస్తున్నాడు. నేను బయలుదేరినప్పుడు లేని దారి, నేను చేరేసరికి ఉంది. ఈ మూల నుంచి ఆ మూలకు, తాడు పట్టి గీసినట్టు, ఎండలో మెరుస్తూ ఉంది.

గట్టు మీద ఒక యాభై ఏళ్ల మనిషి చెరకు ఆకు మోపు దించి, దానిమీదే కూర్చుండిపోయి ఉంది. ఆ చెక్క ఆమెది. పేరు పైడమ్మ. నన్ను తిట్టలేదు.

"ఎన్నడుగులొచ్చేయి బాబూ?" అని అడిగింది.

"రెండు వందల పన్నెండు," అన్నాను, కొంత గర్వంగానే.

"రాసేసేరా?"

రాశానన్నాను. విషయం ఏమిటని అడిగితే సైకిలు తోసుకొచ్చిన అప్పలస్వామి అనే రైతు వినయంగా వివరించాడు. ఆ ఊరు నిన్నమొన్నటిదాకా జమీందారు ఎస్టేటు. ఇప్పుడు సర్కారు స్వాధీనం చేసుకుని భూములన్నీ కొత్తగా కొలిపిస్తోంది. సర్వేయరు రేపు సోమవారం వస్తాడు. గట్టు కనిపిస్తే గట్టు, బావి కనిపిస్తే బావి, మనుషులు నడిచిన జాడ కనిపిస్తే దారి అని నక్షాలో గీసుకుపోతాడు. పైడమ్మ చెక్కలో చెరకు నరికిన నాటి నుంచి స్టేషనుకు పోయేవాళ్లు అడ్డంగా పడి నడుస్తున్నారు. ఆమె తన మరిది ఎడ్లను అడిగి తెచ్చుకుని రోజు విడిచి రోజు దున్ని ఆ జాడ చెరిపేస్తోంది. చివరికి ఊరి పెద్దలను కూర్చోబెట్టి, సర్వే ముగిసేదాకా అందరూ గెడ్డ గట్టు మీదుగానే పోవాలని ఒప్పించింది. తొమ్మిది రోజులుగా ఎవరూ మాట తప్పలేదు.

"మరి ఈ రోజు ఎందుకు తప్పారు?" అని అడిగాను.

"సర్వేరు బాబు మీరే నడిసేరు కదా! ఒక రోజు ముందే వొచ్చేరు, అడుగులు కొలిసేరు, రాసేసేరు. ఇంక అది దారే కదా బాబూ," అన్నాడు అప్పలస్వామి.

నేను సర్వేయరును కానని, ఉపాధ్యాయుణ్నని, కేవలం నడవడం కోసం రైలెక్కి వచ్చానని స్పష్టమైన భాషలో తెలియజేశాను. జనం గౌరవంగా తలలు ఊపారు.

"అలాగే సెప్తార్రా. ముందు ఎవులికీ తెలీకుండా సూసుకెల్తారు," అని ఒకడు మరొకడికి నచ్చజెప్పాడు.

పైడమ్మ మాత్రం నమ్మింది. నన్ను కిందనుంచి మీదికి చూసి, "నడవడానికి రైలెక్కేరా? మీ ఊళ్లో నేల నేదా బాబూ?" అంది.

దారి పడితే నష్టం ఎంతని అడిగాను. దారికింద పోయే నేల కొద్దిగానే అని నా అంచనా. ఆమె పుల్లతో మట్టిలో చెక్క గీసి, మూల నుంచి మూలకు అడ్డగీత గీసింది. "ఇటో ముక్కోనం, అటో ముక్కోనం. ఎడ్లు తిరగడానికి సోటుండదు. మా మరిది ఇప్పుడే ఇసుక్కుంటన్నాడు. ఇలాటి సెక్కలో నాగలెవులు పెడతారు? నాకున్నదిదొక్కటే బాబూ." ఆమె గొంతు పెరగలేదు. లెక్కల మేష్టారు బోర్డుమీద చూపించినంత తేటగా చూపించింది.

నేను అప్పటికప్పుడు పార అడిగి తీసుకుని చెక్కలోకి దిగాను. ఎడ్లు ఆ పూట మరిది పొలంలో ఉన్నాయి. రెండు వందల పన్నెండు అడుగులు వేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తవ్వి చెరపడానికి ఎనిమిదిన్నర నుంచి పన్నెండు దాకా పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇలా నడకకు వెళ్లేవారు చేతుల సంగతి కూడా ఆలోచించుకోవాలని ఏ పత్రికా రాయలేదు. గట్టుమీద జనం పెరిగారు.

"సూడండ్రా, సర్వేరు బాబు సొయంగా దారి కొట్టేస్తన్నారు!" అని అప్పలస్వామి కేకవేశాడు.

"రద్దయిపోనాదా?"

"మరేటి? పారెట్టి రద్దు సేస్తంటేనూ!"

నేను నడుం పట్టుకుని లేచి, మళ్లీ సత్యం ప్రకటించాను. ఎవరూ లక్ష్యపెట్టలేదు. అప్పుడు పైడమ్మ నా దగ్గరికి వచ్చి, "కాదంటే నమ్మరు బాబూ ఈల్లు. మీరెటు నడిస్తే అటొస్తారు. గెడ్డ గట్టు మీంచి ఓ పాలి నడవండి," అంది.

ప్రభుత్వోద్యోగిగా నటించడం శిక్షార్హమని నేను ఆమెకు చట్టరీత్యా వివరించాను.

"నటించమన్నానేటి? నాను మేస్టర్నే, సర్వేర్ని కాదు అని అరుసుకుంటానే నడవండి," అంది.

ఇందులో న్యాయపరమైన దోషం నాకు కనిపించలేదు. ఆమె పెట్టిన చోడి అంబలి తాగి, ఆ గట్టుమీద స్టేషను నుంచి ఊరికీ, ఊరి నుంచి స్టేషనుకూ మూడుసార్లు నడిచాను. పది అడుగులకోసారి నేను సర్వేయరును కానని బిగ్గరగా అరిచాను. వెనక ముప్పయి మంది భక్తిగా నడిచారు. పాఠకుల సౌకర్యార్థం చెబుతున్నాను: ఆ గట్టుదారి సుమారు ఆరు ఫర్లాంగులు. నింపాదిగా నడిస్తే ఇరవై నిమిషాలు. ఎడమపక్క గెడ్డ, కుడిపక్క చెరకు తోటలు, ఒక చోట బెల్లం వండే పొయ్యి. అడిగినా అడగకపోయినా వేడి బెల్లం ఆకులో పెట్టి ఇస్తారు. దృశ్యం చాలా బాగుంటుంది. అరుస్తూ నడవడం వల్ల నేను పూర్తిగా చూడలేకపోయాను.

సాయంత్రం ఐదుంబావుకు అనకాపల్లి వైపు పోయే పాసింజరు వచ్చింది. పైడమ్మ పార పట్టుకుని చెక్క అంచున నిలబడి ఉంది. నేను పెట్టె ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. రైలు దిగిన ఊరివాళ్లలో ఒకడు అలవాటుగా చెక్కవైపు తిరిగితే అప్పలస్వామి, "ఒరే, అటు కాదొరే! ఆ దారి రద్దయింది!" అని అదిలించాడు. అందరూ ఎడమకు మళ్లారు. నా జీవితంలో ఒక ఉత్తర్వు ఇంత చక్కగా అమలు కావడం చూడలేదు. దానిని ఎవరూ జారీ చేయలేదన్నది వేరే సంగతి.

అప్పుడు చివరి పెట్టెలోంచి ఒక పెద్దమనిషి దిగాడు. ఖాకీ నిక్కరు, టోపీ, చంకలో కాగితాల కట్ట. వెనక కూలీ నెత్తిమీద కొలత గొలుసు ఉన్న పెట్టె. పరిచయం అక్కర్లేదు. ఆయన ఎడమవైపు గట్టు చూశాడు, ఎదురుగా ఊరు చూశాడు, సింహాద్రిని ఏదో అడిగాడు.

"దగ్గిరే బాబూ, గానీ..." అన్న మాట నాకు వినిపించింది. ఆయనకు వినిపించలేదు. అప్పటికే చెక్కలోకి దిగిపోయాడు.

నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "అయ్యా! అటు కాదు! అది దారి కాదు!" అని అరిచాను. ఆయన ఆగి, నా టోపీ చూసి, తన టోపీ మర్యాదగా ఎత్తి, మళ్లీ నడిచాడు. కూలీ ఆయన అడుగుల్లో అడుగు వేశాడు. గట్టుమీద కొంత దూరం పోయిన జనం నిలిచిపోయి, ఇటూ అటూ చూస్తున్నారు. పైడమ్మ ఆయన్ని పిలవలేదు. తెల్లవారితే ఆమె నేలమీద గీత గీయవలసిన చెయ్యి అదే. దానికి కోపం తెప్పించగలదా? రైలు కదిలింది. ఆ జనం ఎటు నడిచారో నేను చూడలేకపోయాను.

దారులు రాజులు వేయించారని పన్నెండేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఏ పుస్తకంలోనూ ఆ దారుల కింద ఎవరి చెక్క ఉండేదో రాసి లేదు, నేనూ ఏ పరీక్షలోనూ అడగలేదు. అనకాపల్లి చేరేదాకా అరచేతుల బొబ్బలు చూసుకుంటూ కూర్చున్నాను. రాత్రి ఇంట్లో నడకల పట్టిక తీసి, గెడ్డపాలెం పేరు కొట్టివేయబోయి మానుకున్నాను. నడిచేవాళ్లు గట్టుమీదుగా ఎంత ఎక్కువగా నడిస్తే ఆ గట్టు అంత దారి అవుతుంది. కనుక వెళ్లదలచిన వారికి ఒకే సలహా: స్టేషనులో దిగగానే ఎడమకు తిరగండి. తిండి వెంట తీసుకెళ్లండి, అక్కడ హోటలు లేదు. టోపీ ఇంట్లో వదిలేయండి.

ఇక అధికారుల సముఖానికి. గెడ్డపాలెం చిత్తు నక్షా అభ్యంతరాల కోసం ఇంకా తెరిచే ఉన్నదని విని, ఈ దిగువ విజ్ఞప్తి దాఖలు చేసుకుంటున్నాను.

కోరిక నెం. 1: స్టేషను ఎదుటి పైడమ్మ చెక్కలో కొలతల నాడు కనిపించిన అడుగుజాడలు దారి కాదనీ, అవి ముందటి సాయంత్రం తమ ఉద్యోగి ఒకరూ ఆయన కూలీ ఒకరూ వేసినవనీ నమోదు చేసి, నక్షాలో అడ్డగీత ఉంటే తొలగించాలి. అదే చెక్కలో అంతకు పూర్వం వేసిన నా అడుగులు నేనే స్వయంగా తవ్వి చెరిపాను. తమ ఉద్యోగివి తమ ఉద్యోగే చెరపాలి. పార పైడమ్మ వద్ద దొరుకుతుంది.