మంచులో ఓడ, మా జేజినాయన నోరు

నా చిన్నప్పుడు చెరుకురసం అడిగితే చెరుకురసమే ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు కొత్తచెరువు బస్టాండులో గ్లాసు పట్టుకుంటే ముప్పాతిక వంతు మంచుగడ్డలే. రసం వాటి సందుల్లో ఎక్కడో దాక్కుని ఉంటుంది, మనమే వెతుక్కోవాలి. మొన్న బండాయనకు ఈ సంగతి మర్యాదగానే చెప్పాను. "ఎండలు చూడవ్వా, గడ్డ ల్యాకుంటే ఎవురు తాగుతారు?" అన్నాడు. నాకు మంచు మీద అంత గౌరవం లేదు. మొదటిసారి దాన్ని చూసింది మా ఊరి బడిలో, తెర మీద, పదేళ్ళ వయసులో.

ఆ యేడు వేసవికి మా ఊరి బావిలోంచి కప్పలు కూడా వలస పోయాయి. నీళ్ళున్నది ఒక్క పెద్దింటాయన పొలంలోని బావిలోనే. ఊళ్ళో అందరికన్నా పెద్ద ఇల్లు ఆయనదే కాబట్టి మాకాయన పెద్దింటాయన. బావి చుట్టూ ముళ్ళకంప వేయించి, ఇంటికి రోజుకు రెండు బిందెలని కట్టడి పెట్టాడు. మా ఇంటికి మాత్రం అవి కూడా లేవు. కారణం మా జేజినాయన నోరు.

తాతయ్యను మేము జేజినాయన అనేవాళ్ళం, నానమ్మను జేజి. ఆయన తోలుబొమ్మలు ఆడించేవాడు. మా వైపు బొమ్మలాటలో ఒక పద్ధతి ఉంది. రాముడూ రావణుడూ కాస్త ఊపిరి పీల్చుకునే సందులో హాస్యగాడి బొమ్మ వచ్చి, ఊళ్ళో ఎవరి గుట్టయినా విప్పవచ్చు. మాట పడినవాళ్ళు కూడా నవ్వి ఊరుకోవాలి. అంతకు ముందు సంవత్సరం ఆ బొమ్మ పెద్దింటాయన పిసినారితనం గురించి రెండు ముక్కలు మాట్లాడింది. ఆయన పద్ధతి ప్రకారం నవ్వాడు. నవ్వి, గుర్తుపెట్టుకున్నాడు.

మా జేజి బిందె పట్టుకుని వెళ్ళిన రోజున నేను పక్కనే ఉన్నాను. నలుగురూ వింటుండగా ఆయన, "తోలుబొమ్మలకు నీళ్ళెందుకమ్మా? నానితే చెడిపోతాయి" అన్నాడు. అప్పటి నుంచి జేజీ నేనూ రెండు మైళ్ళు నడిచి, ఎండిన వంకలో ఇసుక తవ్వి, చెలమలో ఊరే నీళ్ళను గిన్నెతో తోడుకునేవాళ్ళం. బిందె నిండేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. ఒకరోజు జేజి దారిలో కళ్ళు తిరిగి పడింది. బిందె సొట్టపోయింది, నీళ్ళు నేలపాలయ్యాయి. నేను పరుగెత్తి పిలుచుకొస్తే జేజినాయన ఆమెను లేపి కూర్చోబెట్టాడు తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మాట్లాడితే ఊరికి భయం. మాట్లాడకపోతే మాకు భయం.

ఆ వారంలోనే సర్కారు సినిమా జీపు వచ్చింది. వెంట తాలూకా నుంచి ఒక ఆఫీసరు. ఆయన సాయంత్రానికల్లా వెళ్ళిపోవాలి కాబట్టి పట్టపగలే బొమ్మ వేస్తామన్నారు. బడి కిటికీలకు గొర్రెల కాపర్ల నల్ల కంబళ్ళు కట్టి చీకటి చేశారు. లోపల రెండు వందల మందిమి ఉడికిపోతూ, ఉత్తరాన భూమి కొసకు మంచులో వెళ్ళిన ఒక నౌకాదళం వాళ్ళ కథ చూడటానికి కూర్చున్నాం. అంతా నిజంగా జరిగినదే, అక్కడికే పోయి తీసిన బొమ్మేనని జీపాయన నమ్మబలికాడు. తీరా చూస్తే వాళ్ళ తెర చినిగి ఉంది. జేజినాయన బొమ్మలాట తెల్ల పంచె అడిగారు. ఇచ్చాడు. సినిమాలో మాటలన్నీ ఇంగ్లీషు. తెలుగులో చెప్పాల్సిన బడి అయ్యవారు సెలవులో ఉన్నాడు. అప్పుడు పెద్దింటాయన ఆఫీసరు పక్కన కుర్చీలో సర్దుకుని కూర్చుని, తన జీవితంలోకెల్లా ఖరీదైన మాట అన్నాడు.

"మా ఊర్లో బొమ్మలాటాయన ఉండాడు సార్. వానితో చెప్పిద్దాం, నోరు ఊరికే ఉండదు."

జేజినాయనకు ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు. జీపాయనను, "కథేంది నాయనా?" అని అడిగాడు. "ఓడ మంచులో ఇరుక్కుంటాది, అంతే" అన్నాడు జీపాయన. అది చాలు అన్నట్టు తలూపి, అలవాటు ప్రకారం పంచె వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

మొదట బుద్ధిగానే చెప్పాడు. ఓడ మంచును పగలగొట్టడం, మనుషులు రంపాలతో గడ్డలు కోయడం, కుక్కలు బండి లాగడం. తర్వాత ఒక బుర్రమీసాలాయన కనిపించాడు. మంచు కరిగించిన గుండిగ దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డాడు, చెంబులతో జనం వరుస కట్టారు. తెర వెనక నుంచి ఒక దగ్గు వినిపించింది. మాట ఎత్తే ముందు పెద్దింటాయన దగ్గే దగ్గు. జనం ఆ దగ్గును వెంటనే గుర్తుపట్టారు.

"చూడండప్పా, సుట్టూరా నీళ్ళే. కొండల్లెక్కన ఉండాయి. అయినా ఈ మహానుభావుడికి నిద్ర పట్టల్యా. మంచు దేశంలో ముళ్ళకంప యాడ దొరుకుతాదా అని ఎతుకుతాండాడు!"

ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో గది మొత్తం కట్ట తెగింది. ఆఫీసరుకు సంగతి తెలియకపోయినా బాగా నవ్వాడు. పెద్దింటాయన లేచి నిలబడ్డాడు. సినిమా వెలుతురుకు ఆయన తలపాగా నీడ వెళ్ళి తెర మీది మంచు మీద పడింది.

"అదో, ఎలుగ్గొడ్డు వచ్చినాది! కదలొద్దండి, నీళ్ళకే వచ్చింటాది!" అన్నాడు జేజినాయన.

పెద్దింటాయన కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ ఎలుగ్గొడ్డు వచ్చింది. నేను నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నాను. నా ముందు వరసలో పెద్దింటాయన భార్య కూర్చుని ఉంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. గదిలో అందరికన్నా పైకి వినిపించింది ఆమె నవ్వే. ఆయన వెనక్కి తిరిగి ఒకసారి చూశాడు.

సినిమా అయ్యాక ఆఫీసరు ఆ నవ్వుల సంగతేమిటో పక్కవాళ్ళను అడిగి తెలుసుకుని, తాపీగా, "గొంతెండిపోయింది. ఆ ముళ్ళకంప బావి ఎక్కడుంది?" అని అడిగాడు. ఊరంతా చూపించడానికి బయలుదేరింది. ఆఫీసరు కంపను చూశాడు, పెద్దింటాయనను చూశాడు. పెద్దింటాయన తన చేతులతోనే కంప లాగాడు. అరచేతుల్లో ముళ్ళు దిగాయి. జేజినాయన ఒక రాయి మీద కూర్చుని, ఆఖరు కొమ్మ దాకా చూశాడు. ఇంటికి వచ్చి, ఆ బావి నీళ్ళే ఒక బిందె పోసి తెర పంచెను ఉతికాడు. తాగే నీళ్ళకే కరువొచ్చిన ఊళ్ళో ఒక బిందె. పెద్దింటి అరుగు మీదికి కనిపించేలా దండెం మీద ఆరేశాడు. "మాట తిరిగి ఇయ్యడానికి సమయం చూసుకోవల్ల, పాపా" అని నాకు బోధించాడు. చదువులో నాకు అంత తొందరగా ఎక్కిన పాఠం మరొకటి లేదు. కాలేజీలోనూ, ఉద్యోగంలోనూ దాన్ని చాలామంది మీద వాడాను. బాగా పనిచేస్తుంది.

మర్నాడు పొద్దున జేజిని ఇంట్లో ఉండమని, బిందె నేనే పట్టుకుని బావికి వెళ్ళాను. పెద్దింటామె ఒక్కతే ఉంది. నాకు చేద లాగడం చేతకాదని తానే తోడి పోసింది, ఎడమ చేత్తో. కుడి చేతికి పసుపు గుడ్డ చుట్టి ఉంది. ఒక కన్ను సరిగా తెరుచుకోవడం లేదు. చుట్టకుదురు సర్ది, బిందె నా నెత్తికెత్తి, నాతో ఒక మాట చెప్పి పంపింది. ఆ మాట నేను జేజినాయనకు చేర్చలేదు. ఆ రోజు ఆయన అంత సంతోషంగా ఉన్నాడు. తర్వాత వేళ కుదరలేదు, ఆ తర్వాత ఆయనే లేడు. అరవై ఏళ్ళుగా అది నా దగ్గరే ఉండిపోయింది.

"మీ జేజినాయనకు చెప్పు పాపా. నవ్వింది ఊరంతా. తన్నులు తినింది నేను."