ప్రార్థన కాగితంలో మూడో పేరు

ఆదివారం పొద్దున మందిరం గుమ్మంలో అడుగుపెట్టినవాళ్ళ చేతిలో ఒక కాగితం పెడతారు. మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. మొదటి పేజీలో పాటల నంబర్లు, రెండో పేజీలో బైబిలు వాక్యపాఠాలు, మూడో పేజీలో సంఘం చేయబోయే పనులు, నాలుగో పేజీలో 'స్వస్థత కొరకు ప్రార్థించవలసినవారు' అని ఒక జాబితా. పదిహేడేళ్ళుగా ఆ కాగితం తయారుచేస్తున్నది జిరాక్స్ అక్క. బస్టాండు పక్క సందులో ఆమె కొట్టు. ఒక కంప్యూటరు, రెండు మిషన్లు. ఒకటి పనిచేస్తుంది, రెండోది దానికి కావలసిన సామాను ఒక్కొక్కటిగా ఇచ్చుకుంటూ మూలన కూర్చుంది.

ఆ సంఘంలో ఒకే పేరు పెట్టుకున్నవాళ్ళు నలుగురైదుగురికి తక్కువ లేరు. పేరు రాస్తే ఎవరి రోగం ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. అందుకని జాబితాలో కూడా అందరూ పిలిచే పిలుపే వేస్తుంది. పిండిమర అమ్మమ్మ, మోకాళ్ళు. డ్రైవరు పెదనాన్న, బీపీ. మూడోది సైకిల్ మేస్త్రి, కిడ్నీలు. సైకిల్ మేస్త్రి అంటే ఆమె భర్తే. చలికాలం చివర్లో ఒక మంగళవారం మధ్యాహ్నం ఆయన ఆసుపత్రిలో చనిపోయాడు. ఎండలు మొదలై ఈస్టర్ దగ్గరకొచ్చినా మూడో పేరు మాత్రం అలాగే ఉంది.

ఇందులో మాయ లేదు, మర్మం లేదు. ఆమె పనిచేసే తీరే అంత. వారం వారం కొత్త కాగితం మొదలుపెట్టదు. పోయిన వారం ఫైలు తెరిచి, మారినవి మార్చి, మారనివి వదిలేస్తుంది. బుధవారం భర్తను సమాధి చేసి, శనివారం కొట్టు తీసింది. వద్దమ్మా, ఈ వారం కాగితం లేకపోతే కొంపలు మునిగిపోవు అని ఎంతమంది చెప్పినా వినలేదు. పాటల నంబర్లు మార్చింది, పాఠాలు మార్చింది, నాలుగో పేజీ చూడలేదు.

ఆ ఆదివారం జాబితా చదివింది పోస్టు తాత. ఉత్తరాలు పంచి పంచి రిటైరైన మనిషి, సంఘ పెద్ద. చదివే ఊపులో మూడో పేరు చదివేశాకగానీ ఆయనకు ఏం చదివాడో తెలియలేదు. నోరు దాటిన మాట దాటింది. సంఘమంతా అలవాటుగా ఆమెన్ అంది. ఆమెన్ అనేశాక ఇంకేం చేస్తారు?

రెండో వారం కూడా పేరు ఉంది. పాపం, ఆమెకు చేతులు రాలేదు కాబోలు, తనే తీసేస్తుందిలే అనుకున్నారు. మూడో వారానికి అది అలవాటైపోయింది. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. చెడ్డవాడైతే మొదటి వారమే మొహం మీద అనేసి ఉండేవాడు, ఒక పని అయిపోయేది. వీళ్ళు నూట ఇరవైమందీ కుక్కిన పేనుల్లా కూర్చుని, చనిపోయిన మనిషి ఆరోగ్యం కోసం వారం వారం ఆమెన్ అన్నారు.

నిజం చెప్పాలంటే రెండో శనివారం ఆమె ఆ పేరు చూసింది. తీసేద్దామని మీట మీద వేలు కూడా పెట్టింది. అంతలో ఎవరో కార్డు రెండు వైపులా కాపీ తీయమని వచ్చారు. తీసి ఇచ్చింది. తిరిగి వచ్చి కూర్చున్నాక వేలు మళ్ళీ అక్కడికి పోలేదు.

ఆమె ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు, ఇంటికొచ్చాకా ఏడవలేదు. ఓదార్చడానికి వచ్చిన ఆడపడుచు రెండు రోజులు చూసి, ఓదార్చడానికి ఏమీ దొరక్క తనే ఏడ్చి వెళ్ళిపోయింది. పిల్లలు లేరు, ఎవరి కోసమూ మొహం సర్దుకోనక్కర్లేదు. వేళకు తినేది, వేళకు పడుకునేది. లోపలి గదిలో మంచం ఆయనది కనుక ముందు గదిలో చాప వేసుకునేది. నాలుక కాలితే కాసేపు ఏం తిన్నా రుచి తెలియదే, ఆమెకు ఒళ్ళంతా అలాగే ఉంది. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి పోతే ఏమీ అనిపించకపోవడం ఏమిటని ఆమెకు భయం వేయాలి. అదీ వేయలేదు.

ఇంతలో ఆయనను సమాధి చేసిన పాత పాస్టరుకు బదిలీ అయింది. ఉపవాస దినాలు మొదలయ్యే వారానికి కొత్త పాస్టరు వచ్చాడు. ముప్పై దాటని మనిషి, కాలు ఒకచోట నిలవదు. సంగతి ఆయన చెవిన వేయాలని అందరికీ తెలుసు. పోస్టు తాత చెప్పి ఉంటాడని మందిరంలో పాటలు నడిపే పాటల టీచరు అనుకుంది. పాటల టీచరు చెప్పి ఉంటుందని పోస్టు తాత అనుకున్నాడు. పాస్టరు మాత్రం కాగితంలో ఏముంటే అదే నమ్మాడు. ఆదివారాలు ఆ మూడో పేరు దగ్గర గొంతు పెంచి మరీ ప్రార్థించేవాడు.

ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టలాదివారానికి ముందు శనివారం సంఘం ఏటా సేవాదినం చేస్తుంది. మందిరం ఆవరణలో కళ్ళ పరీక్ష ఒక పక్క, జుట్టు కత్తిరించడం ఒక పక్క, చిరిగిన బట్టలు కుట్టడం ఇంకో పక్క, ఎవరికైనా ఉచితమే. ఆ కాగితం కూడా జిరాక్స్ అక్కే పోయిన ఏటి ఫైలు తెరిచి, తేదీ మార్చి, తీసి, బస్టాండు గోడకు అతికించింది. 'సైకిళ్ళ రిపేరు: సైకిల్ మేస్త్రి' అన్న లైను అందులోనే ఉంది. పొద్దున ఎనిమిదికల్లా ఇరవై సైకిళ్ళు గోడ వెంట బారు తీరాయి.

చెప్పి పంపించేయవచ్చు కదా? ఊహూ. పోస్టు తాత చొక్కా చేతులు మడిచి రెంచీ పట్టుకున్నాడు. పాటల టీచరు చీర కొంగు దోపుకుని పక్కన కూర్చుంది.

"తాతగారూ, ఆ గొలుసు అటు కాదేమోనండీ."

"నలభై ఏళ్ళు సైకిల్ మీద ఉత్తరాలు పంచానమ్మా, నాకు తెలీదా?"

"ఎక్కడం తెలుసు సరే, విప్పడం తెలుసా?"

"విప్పడం వచ్చు. బిగించడమే..." అని తాత నసిగాడు.

మధ్యాహ్నానికి బాగైన సైకిళ్ళు ఆరు, బాగున్నవి చెడినవి రెండు. మేస్త్రిగారు రాలేదా అని ఎవరో అడిగితే తాత గాలి కొట్టడం మొదలుపెట్టాడు. జిరాక్స్ అక్క కళ్ళ పరీక్ష దగ్గర బల్ల వేసుకుని వచ్చినవాళ్ళ పేర్లు రాస్తోంది. అంతా చూస్తూనే ఉంది. నావల్లే కదా అనుకుంది. అనుకుని తర్వాతి పేరు రాసుకుంది.

కొత్త పాస్టరు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. "మేస్త్రిగారికి ఇంకా నెమ్మదించలేదామ్మా?"

ఆమె కలం ఆపకుండా, "అంతేనండీ" అంది.

"గురువారం వస్తాను. ఈస్టర్‌కి మందిరానికి రాలేనివాళ్ళకి ఇంటికే వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇద్దామనుకుంటున్నా. అందరి ఇళ్ళకీ వెళ్తాను."

రావద్దని ఆమె అనలేదు. ఎందుకనలేదంటే ఆమెకే తెలియదు.

గురువారం పాస్టరు, పోస్టు తాత చిన్న పెట్టె పట్టుకుని జాబితా వరసలోనే బయల్దేరారు. అమ్మమ్మ ఇల్లయింది, పెదనాన్న ఇల్లయింది. మూడో ఇంటి సందు మొదట్లోకి వచ్చేసరికి తాతకు మోకాలు పట్టేసింది. అమ్మమ్మ జబ్బు అంత త్వరగా ఎలా అంటుకుందో గానీ, అడుగు తీసి అడుగు వేయలేనన్నాడు.

"మీరు వెళ్ళి రండి అయ్యగారూ. నేనీ అరుగు మీద కూర్చుంటా."

పాస్టరు ఒక్కడే వచ్చి తలుపు కొట్టాడు. జిరాక్స్ అక్క కుర్చీ వేసింది. లోపలి గది తలుపు ఎప్పటిలాగే మూసి ఉంది.

"అయ్యగారూ, ఆయన్ని ఇప్పుడు చూడలేరండీ" అంది ఆమె. అబద్ధం కాదు. నిజమూ అనలేం.

"పర్లేదమ్మా, లేపకండి" అని ఆయన ఆ మూసిన తలుపు ముందు మోకరించాడు. లోపలి మనిషికి నిద్రాభంగం కాకుండా గొంతు బాగా తగ్గించాడు. మేస్త్రిగారు మళ్ళీ తన కొట్టు తాళం తన చేత్తో తీసే రోజు చూపించమని ప్రభువును వేడుకున్నాడు. ఆ సైకిల్ కొట్టు పోయిన నెలే ఖాళీ చేసి యజమానికి ఇచ్చేశాను కదా, ఇప్పుడు తాళం ఎవరినడగాలి అని ఆమెకు ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచన అదొక్కటే. ఆయన ఇచ్చిన రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది, ద్రాక్షరసం తాగింది, గుమ్మం దాకా సాగనంపింది. మేస్త్రిగారు లేచాక ఇవ్వమని ఇంకో ముక్క పళ్ళెంలో పెట్టి వెళ్ళాడు. అది సాయంత్రం దాకా అలాగే ఉంటే, ఎండిపోతుందని తనే తినేసింది.

శనివారం మధ్యాహ్నం ఈస్టర్ కాగితానికి కూర్చుంది. ఈ కాగితం మిగతా వారాల్లాంటిది కాదు. ఈస్టర్ తెల్లవారుజామున ఆరాధన మందిరంలో కాదు, సమాధుల తోటలో జరుగుతుంది. పోయిన ఈస్టర్ నుంచి ఈ ఈస్టర్ దాకా చనిపోయినవాళ్ళ పేర్లు అక్కడ ఒక్కసారి చదువుతారు. మళ్ళీ ఎప్పుడూ చదవరు. ఆ జాబితా మూడో పేజీలో వేయాలి. నాలుగో పేజీలో జబ్బుపడ్డవాళ్ళ జాబితా ఎప్పటిలాగే ఉంటుంది. ఒక మనిషి రెండింట్లోనూ ఉండడం కుదరదు.

మూడో పేజీలో ముగ్గురి పేర్లు కొట్టింది. నాలుగోదిగా ఆయన పేరు అక్కడ కొడితే నాలుగో పేజీలో తీసేయాలి. తీసేస్తే రేపటి నుంచి ఆయన కోసం ఎవరూ ఏమీ అడగరు. ఇన్నాళ్ళూ వారానికొకసారైనా నూట ఇరవైమంది కలిసి ఆయనకు ఏదో కావాలని అడుగుతున్నారు. తీయకపోతే, ఆయన చనిపోయినట్టు ఆ ఒక్క రోజు కూడా ఎవరూ చెప్పరు. ఇరవై ఆరేళ్ళ మనిషి లెక్కలోంచే జారిపోతాడు. రెండూ ఆమెకు అర్థమయ్యాయి. అర్థమైనా చెయ్యి కదల్లేదు. ఉన్నది ఉన్నట్టే కాపీలు తీసింది.

కాగితాలు తీసుకెళ్ళడానికి పోస్టు తాత వచ్చాడు. మోకాలు కులాసాగానే ఉంది.

"అమ్మాయ్, రేపు తోటలో చదివే పేర్లు..."

"ముగ్గురు తాతగారూ."

"ముగ్గురేనా?"

"ముగ్గురే."

తాత ఆమె మొహంలోకి చూశాడు. "సరేలే" అని కట్ట చంకన పెట్టుకుని చల్లగా జారుకున్నాడు.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో జనం చిన్న దీపాలు పట్టుకుని చేరారు. ఇంకా మసక చీకటి. మేస్త్రి సమాధికి రాయి వేయలేదు, మధ్యలో పడ్డ ఒక వానకు మట్టి అణిగి నేలతో సమానమైపోయింది. అది ఎక్కడుందో తెలిసినవాళ్ళు గనుక, జనం మర్యాదగా దాని చుట్టూ చోటు వదిలి నిలబడ్డారు. కొత్త పాస్టరు వచ్చి చూశాడు. అందరి మధ్యలో ఖాళీగా, చదునుగా ఒక చోటు. తన కోసమే వదిలారనుకున్నాడు. వెళ్ళి నడిమధ్యన నిలబడ్డాడు.

నూట ఇరవైమందీ చూశారు. పోస్టు తాత ఆకాశం వైపు చూశాడు. పాటల టీచరు పుస్తకంలోకి చూసింది.

పాట అయింది, పాఠం అయింది. పాస్టరు చనిపోయినవాళ్ళ పేర్లు మూడూ చదివాడు, ఆ ఇళ్ళవాళ్ళు తలలు వంచారు. కాగితం తిప్పి, జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థిద్దాం అన్నాడు. పిండిమర అమ్మమ్మ. డ్రైవరు పెదనాన్న. సైకిల్ మేస్త్రి దగ్గర గొంతు పెంచి, ఆ ఊపులో ఒక కాలు ముందుకు వేశాడు. బాగా పాలిష్ పెట్టిన బూటు. మెత్తటి మట్టిలోకి మడమ దిగింది.

జిరాక్స్ అక్కకు కోపం వచ్చింది. దుఃఖం కాదు, పచ్చి కోపం. ఇన్నాళ్ళకు మొదట వచ్చింది అదే, అరికాళ్ళ నుంచి ఎక్కింది.

"అయ్యగారూ, పక్కకు జరగండి."

"ఏంటమ్మా?"

"పక్కకు జరగండి. మీరాయన మీద నిలబడ్డారు."

"ఎవరి మీదమ్మా?"

"ఇప్పుడు మీరెవరి పేరు చదివారో ఆయన మీద."

పాస్టరు తన కాళ్ళ వైపు చూశాడు. చేతిలో కాగితం వైపు చూశాడు. చుట్టూ వంచి ఉన్న తలలన్నీ చూశాడు. ఒక్క ఉదుటున పక్కకు దూకి, ఏం చేయాలో తోచక బూట్లు విప్పేశాడు. "నాకెవరూ చెప్పలేదమ్మా" అన్నాడు.

"నేనే చెప్పలేదు. చలికాలంలోనే చచ్చిపోయాడండీ. ఆ పేరు అక్కడ కొట్టేసి, ఇటు పేజీలో రాయండి."

పాస్టరు జేబులు తడుముకున్నాడు. పోస్టు తాత తన పెన్ను ఇచ్చాడు. అది చూసి ఇంకెవరో పెన్ను తీశారు, ఆ పక్కవాళ్ళు బైబిల్లో పెట్టుకున్న పెన్సిలు తీశారు. దీపాలు దగ్గరకు పెట్టుకుని, ఒకరి వీపు మీద ఒకరు కాగితం ఆనించుకుని, ఒకరి చేతిలోది ఒకరు అందుకుని అందరూ కొట్టేసి రాశారు. చాలాసేపే పట్టింది. ఆమెకూ ఒక పెన్సిలు అందింది. ఆమె దాన్ని పట్టుకుని నిలబడింది, అంతే.

పాస్టరు చనిపోయినవాళ్ళ జాబితా మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ముగ్గురయ్యాక ఆగి, ఆమె వైపు చూసి, "సైకిల్ మేస్త్రి" అన్నాడు.

"వినపడలేదండీ" అంది జిరాక్స్ అక్క. "ఇంకోసారి చదవండి."

తోట గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా మొదటిసారే వినపడింది. ఆయన మళ్ళీ చదివాడు.