మగ్గం గుంటకు చోటున్న ఇల్లు

బి.ఏ.లో నా సబ్జెక్టు ఎకనామిక్స్. ధరలు ఎందుకు పెరుగుతాయో మూడేళ్ళు చెప్పారు. పెరిగాక మనమేం చేయాలన్నది నాలుగో ఏడు చెప్పేవారేమో, కోర్సు మూడేళ్ళకే ముగిసింది. ఆ చదువు పుణ్యాన డెబ్బైల చివర్లో నాకు తిరువళ్ళూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. కాపురం మాత్రం తిరుత్తణిలోనే ఉండేది.

తిరుత్తణి ఇంటి గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ముందొక గది, వెనక వంటిల్లు, పైన నాటు పెంకులు. వాన వస్తే ఇంట్లోనూ వచ్చేది, కాకపోతే కాస్త ఆలస్యంగా. కానీ ముందుగదిది మన్ను నేల. అందులో కిటికీ పక్కన తొడలోతు గుంట, దాని మీద మగ్గం. మా ఆవిడ గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ లుంగీలు నేసేది. గుంట మగ్గమంటే సగం కొయ్య, సగం భూమి. ఆ భూమి తేమకే పడుగు నూలు ఎండిపోకుండా, తెగకుండా ఉంటుంది. నా జీతమూ ఆమె నేతా కలిస్తే ఒక సంసారం. విడదీస్తే ఏ ఒక్కటీ సంసారం కాదు.

రోజూ పొద్దున తిరుత్తణిలో రైలెక్కి, అరక్కోణంలో మారి, తిరువళ్ళూరులో దిగేవాణ్ణి. రెండో రైలు నా కోసం ఆగాలన్న సంగతి రైల్వేవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. మా ఆఫీసరు సౌమ్యుడు. కాపురం ఆఫీసున్న ఊళ్ళో పెట్టడమా, లేక ఉద్యోగం కాపురమున్న ఊళ్ళో వెతుక్కోవడమా, రెండింట్లో ఏది ఇష్టమో నన్నే తేల్చుకోమన్నాడు.

అలా తిరువళ్ళూరులో ఇళ్ళ వేట మొదలైంది. అప్పటికే మద్రాసు బాడుగలు మోయలేనివాళ్ళు రైలెక్కి ఇటు వచ్చేస్తున్నారు. ఒకే ఇంటిని చూసి మద్రాసు నుంచి వచ్చినవాడు "ఇంతేనా?" అనేవాడు, తిరుత్తణి నుంచి వచ్చిన నేను "ఇంతా?" అనేవాణ్ణి. ఎవరి మాట వినాలో ఇంటి ఓనరుకు తెలుసు. తిరుత్తణి బాడుగకు మూడింతలకన్నా తక్కువ చెప్పిన మనిషి కనబడలేదు. పాలు, కట్టెలు, కూరగాయలు అన్నీ ఒక మెట్టు పైనే. తిరుత్తణిలోనూ ధరలు కొండెక్కేవి, కాదనను. కృత్తిక పండగకు కొండ మీది గుడికి కావడి మోసేవాళ్ళతోపాటు ఎక్కి, వాళ్ళతోపాటే దిగేవి. తిరువళ్ళూరులో దిగడానికి కొండ లేదు.

ఆ బాడుగైనా ఏదోలా కడదామనుకున్నాం, మగ్గం ఆడుతుంటే. చిక్కంతా అక్కడే. ఊరంతా సిమెంటు నేలలు. మన్ను నేల ఉన్నచోట గుంట మాట ఎత్తితే చాలు, ముఖాలు మారేవి. ఒక పెద్దావిడ నన్ను తిన్నె మీద కూర్చోబెట్టి, మజ్జిగ కూడా ఇచ్చి అడిగింది.

"శుభమా అని కట్టుకున్న ఇల్లు నాయనా. నట్టింట్లో గుంట తవ్వుతారా యాడన్నా?"

"మా ఇండ్లలో తవ్వుతారమ్మా. దాంట్లోంచే అన్నం వచ్చేది."

"అన్నం వంటింట్లోంచి రాదా?"

ఆ తర్కంలో తప్పెక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు. మజ్జిగ తాగి లేచాను.

చివరికి ఊరి వెనకవైపు ఒక వీధిలో ఇల్లు దొరికింది. మన్ను నేల, వెలుతురున్న కిటికీ. ఓనరు మా తెలుగాయనే. పొలం చేసుకుంటూ, పాత ఇంటిని బాడుగకిస్తున్నాడు. బాడుగ ఎక్కువే, అయినా ఆవిడ నేత నడిస్తే కట్టగలిగినదే. మగ్గం సంగతి, గుంట సంగతి, లోతుతో సహా చెప్పాను.

"తవ్వుకోండి సార్, దానికేముండాది? మన్నే కదా!" అన్నాడాయన. అడ్వాన్సు తీసుకున్నాడు. ఏ ఆఫీసు, ఏం చదువు అని ఊరికే అడిగాడు. నేనూ ఊరికే చెప్పాను.

ఇక ఆడి నెల, మన ఆషాఢం లాంటిది, దగ్గరపడింది. ఆడి పుట్టిందంటే మా వైపు ఎవరూ ఇల్లు మారరు. ఆ లోపల వెళ్ళిపోవాలి. తిరుత్తణి ఇంటిని కావడి కొయ్యలు చేసే ఆసామి ఒకాయన అప్పటికే మాట్లాడుకున్నాడు. మంచిరోజు చూసి మా ఆవిడ మగ్గం విప్పించింది. ఇల్లు వదిలే నేతవాళ్ళు తమ గుంటను తెరిచి వదిలిపెట్టరు, పూడ్చిపోవాలి. పూడ్చిన చెయ్యి దాన్ని మళ్ళీ తవ్వకూడదు. ఆమె గుంటకు పసుపు కుంకుమ పెట్టి, దీపం చూపించి, మన్ను తట్ట ఎత్తింది.

"ఏమ్మే, తిరువళ్ళూరిలో తవ్వినాక దీన్ని పూడిస్తే కాదా?" అన్నాను.

ఆమె నా మేనమామ కూతురు. నాకు మర్యాద ఇవ్వడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటు లేదు.

"రెండిండ్లలో రెండు గుంటలు పెట్టుకోని ఒగ కాలు ఈడ, ఒగ కాలు ఆడ పెట్టేదా బావా? బి.ఏ.లో ఇదేనా చెప్పింది?"

తట్ట తర్వాత తట్ట పోసింది. పైన నీళ్ళు చల్లి, కాళ్ళతో తొక్కి, పేడతో అలికింది. అక్కడ మగ్గముండేదని చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆడికి ముందురోజు లారీలో సామాన్లతో తిరువళ్ళూరు చేరాం. ఓనరు వీధిలోకి ఎదురొచ్చాడు. పెళ్ళివారిని పిలిచినట్టు పిలిచాడు.

"రాండి సార్, రామ్మా. చెప్పులు బయటే ఇడిసి రాండి. నేల ఇంకా పచ్చిగానే ఉండాది."

లోపల నేల ఎర్రగా మెరిసిపోతోంది. ఎర్ర సిమెంటు. నున్నగా, అంచులకు నల్లగీతతో, ముఖం చూసుకునేలా ఉంది. నేను చూసుకున్నాను. ముఖం బాగాలేదు.

"మీరు చెప్పిన బి.ఏ. అంటే శానా పెద్ద చదువని మీ ఆఫీసులో మనోడొగడు చెప్పినాడు సార్," అన్నాడాయన సంబరంగా. "అట్లాంటోళ్ళని మన్ను నేలలో పెడితే ఊరు నవ్వదా? మేస్త్రీని దగ్గరుండి చేపించినా."

మా ఆవిడ గడప దాటలేదు. అక్కణ్ణించే అడిగింది.

"అయ్యా, మేము వచ్చిందే మన్ను నేల ఉండాదని గదా. మగ్గం యాడ దించేది?"

ఓనరు నా వైపు చూసి నవ్వాడు. "బి.ఏ. సారింట్లో మగ్గమేందిమ్మా? సారు తమాషా మనిషి, ఆ మాటా తమాషాకే అనుకున్యా."

"కిటికీ పక్కన కొంచెం పగలగొట్టుకుంటామయ్యా," అందామె. "పోయేటప్పుడు మేమే పూసి ఇస్తాము."

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. పసిబిడ్డను కొయ్యమన్నట్టు చూశాడు.

"ఒగచోట దెబ్బ పడితే అంతా చీలిపోతాదమ్మా! ఎంత ఖర్చు పెట్టినాననుకుంటాండావు? ఆ ఖర్చుకి బాడుగ గూడా రవ్వంత పెంచేది ఉండాది, సారుకి మెల్లిగా చెప్దామనుకున్యా."

మెల్లిగానే చెప్పాడు, ఆ మాట కాదనలేను. వస్తువు నాణ్యత పెరిగింది గనక ధర పెరిగింది. ఈ పాఠం నేను చదివిందే.

లారీవాడు హారన్ కొట్టాడు. వెనక్కి పోవడానికి తిరుత్తణిలో ఇల్లు లేదు, గుంట కూడా లేదు. ఇంకో ఇల్లు వెతకడానికి తెల్లారితే ఆడి. మా ఆవిడ కాసేపు ఆ నేలకేసి చూసింది. తర్వాత చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. మగ్గం కొయ్యను పెరట్లో చూరు కింద పేర్పించాం.

గుంట అక్కర్లేని, నేల మీదే నిలిపే చట్రం మగ్గాలూ ఉంటాయి. అలాంటిది ఆ గదిలోనూ పట్టేది కాదు, మా స్తోమతలోనూ పట్టేది కాదు. నూలిచ్చే సావుకారు తిరుత్తణి నుంచి ఒకసారి వచ్చి చూసి, మంచినీళ్ళు తాగి, "నేల బాగుండాది" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ నూలు పంపలేదు.

తర్వాతి కాలం గురించి క్లుప్తంగా చెబుతాను, క్లుప్తంగానే బతికాం గనక. పాలు సగమయ్యాయి. టిఫిను కాఫీగా మారింది, కాఫీ కాఫీ వాసనగా మారింది. మా ఆవిడ ఒక అంగడికి అప్పడాలు ఒత్తిచ్చే పని పట్టుకుంది. రోజంతా వంగి ఒత్తినా లుంగీల కూలిలో ఏ మూలకూ వచ్చేది కాదు. ఆఫీసుకు మాత్రం నేను టైముకు వెళ్ళేవాణ్ణి. ఆఫీసరు మెచ్చుకున్నాడు.

నేను ఇళ్ళు చూడడం మానలేదు. రెండేళ్ళు దాటాక కడంబత్తూరులో ఒకటి దొరికింది. మన్ను నేల, బాడుగ తక్కువ, ఆఫీసుకు రైలు మారే పని లేదు. ఆ ఓనరుకు నేలను బాగుచేసే ఆలోచన ఏమైనా ఉందేమోనని పదేపదే అడిగాను. బాగుచేయనని ఒట్టు వేశాడు. గుంట ఎక్కడ తవ్వాలో గోరుతో గీత కూడా గీసి వచ్చాను.

ఇంటికొచ్చి చెప్పేసరికి ఆమె ముందుగదిలో అప్పడాలు ఆరబెడుతోంది. అంతా విన్నది. చేతిలో పని ఆపలేదు.

"వద్దులే బావా."

"ఏం, ఎందుకు? సంక్రాంతికి తై నెల పుట్టినాక పోదాము. నీకిష్టమైనప్పుడు తవ్వుకో."

"తవ్వి దాంట్లో ఏం దించేది? పెరట్లోకి పోయి చూడు."

పెరట్లోకి వెళ్ళాను. చూరు కింద మగ్గం కొయ్య పేర్చినట్టే ఉంది. అడుగున ఉన్న దూలాన్ని పట్టుకుంటే చెయ్యి లోపలికి దిగిపోయింది. దూలం పైన తోలు మాత్రం ఉంది, లోపలంతా చెద మన్ను. సిమెంటు వేస్తే ఇంట్లోకి చెదలు రావని ఓనరు చెప్పాడు. నిజమే, అవి ఇంట్లోకి రాలేదు.

తిరిగొచ్చి, "ఎప్పుడు చూసినావు?" అని అడిగాను.

"పోయిన వానలకే."

"చెప్పలేదే."

"చెప్తే ఇండ్లు చూసేది నిలిపేస్తావని," అందామె. "సాయంత్రమైతే యాడికో ఒగచోటికి పోయి చూసి వస్తాంటివి. పోనీలే అనుకున్యా."

నాకు చెప్పడానికి ఏదో ఒక తమాషా మాట ఉండాలి. ఎప్పుడూ ఉండేది. వెతుక్కుంటూ గది మధ్యలో నిలబడ్డాను.

"కాళ్ళెత్తు బావా, అప్పడాలు తొక్కేవు," అంది.

నేను వెళ్ళి గడప మీద కూర్చున్నాను. నిలబడ్డచోటు ఖాళీ అయింది కదా, ఆమె అక్కడ కూడా పరిచింది.