ట్రక్కుకు కందెన

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న చిన్న ట్రక్కు ఒకటి మా మామ కొన్నాడు. దాన్ని నడపడానికి నన్ను ఇల్లరికం తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో ట్రక్కు ఎక్కువా అల్లుడు ఎక్కువా అని ఎవరూ పైకి అనలేదు గానీ, పొద్దున్నే వేణ్ణీళ్ళు ముందు దానికే దక్కేవి. పెద్దేముల్ దగ్గర పల్లెలో కాపురం, తాండూరు బండలు వికారాబాదుకు చేరవేయడం. పందొమ్మిది వందల యాభైలలో నా వైభవం ఇంతే.

ఒక ఎండాకాలం ఆ ట్రక్కు స్టీరింగు మొండికేసింది. స్టీరింగు కమ్మీ కింద ఇనుప పెట్టె ఉంటుంది. అందులో పళ్ళ చక్రాలు నూనెలో మునిగి తిరుగుతాయి. ఆ పెట్టె సీలు అరిగి నూనె బొట్లు బొట్లుగా కారిపోతోంది. మలుపు తిప్పితే నా భుజాలు ఊడొస్తున్నాయి. సంగతి చెబితే మామ కిందికి వంగి చూసి మురిసిపోయాడు.

"నూనె కారుతున్నదంటె ఇరుసు సల్లగున్నట్టు అల్లుడా. బండి మంచిగున్నది. ఫికర్ జెయ్యకు."

ఆయన నలభై ఏళ్ళు ఎడ్లబండి తోలినవాడు. ఆ శాస్త్రంలో ఇరుసు కింద చుక్క కనబడితే క్షేమం, కనబడకపోతే గండం. పెళ్ళిచూపులకు మా ఊరొచ్చినప్పుడు నన్ను ఒక్కసారి చూసి, మా నాన్న బండి ఇరుసును రెండుసార్లు చూశాడట. సంబంధం కుదరడంలో నా గొప్పతనం ఎంతో నాకు అప్పుడే తెలియవలసింది.

అంతలో మా ఎనిమిది నెలల పాపకు జ్వరం పట్టుకుంది. నాలుగు రోజులైనా దిగలేదు. వికారాబాదు డాక్టరుకు చూపించాలి. రైలెక్కాలంటే తాండూరు దాకా వెనక్కి పోవాలి. పైగా ఇంట్లో మోటారు పెట్టుకొని రైలెక్కితే మామ పరువేం కావాలి? మనుమరాలు ఎక్కే బండి కదా అని ఆయన పొద్దున్నే లేచి, గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి, ఇరుసుకు పూసే చిక్కటి కందెన చేసి, స్వహస్తాలతో స్టీరింగు పెట్టె నింపాడు.

ఇక చూడాలి దాని పనితనం! ఎడమకు తిప్పితే కాసేపు ఆలోచించి తిరిగేది. కుడికి తిప్పితే ఆలోచించడం కూడా మానేసింది. భార్యనూ బిడ్డనూ కూర్చోబెట్టుకొని ఆ బండితో అనంతగిరి మలుపులు దాటడమా? నాకు నిజంగా భయమేసింది. పెట్రోలు పోయించుకొస్తానని అబద్ధం చెప్పి, నెమ్మదిగా ఈడ్చుకుంటూ తాండూరు మిస్త్రీ దగ్గరికి చేర్చాను.

మిస్త్రీ పెట్టె విప్పి, వేలితో ఆ నల్లటి ముద్ద తీసి వాసన చూశాడు.

"ఇందుల మసెందుకు గలిపిన్రు భాయ్? బండి పండ్లు తోముకుంటదా?"

మా మామగారి వైద్యమని చెప్పుకోలేక నవ్వి ఊరుకున్నాను. అతను అంతా కిరసనాయిలుతో కడిగి, మందపాటి తోలును గుండ్రంగా కోసి, నూనెలో నానబెట్టి సీలుగా బిగించి, కొత్త నూనె పోశాడు. సాయంత్రం తిరిగొస్తుంటే స్టీరింగు రెండు వేళ్ళకు తిరిగింది.

ఇంటి ముందు బండి ఆపగానే మామ అలవాటుగా వంగాడు. పెట్టె కింద వేలుపెట్టి చూశాడు. తడి లేదు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎండిపోయింది. నా బిడ్డను గీ బండి ఎక్కియ్య. ఎడ్లు గడ్త."

ఎడ్లబండి వికారాబాదు చేరేసరికి తెల్లవారుతుంది. పాప తల్లి భుజం మీద కాలిపోతోంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. ఎంత చెప్పినా తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడు. ఒళ్ళు మండి అరిచాను.

"నీ మొండితనంతోని పిల్లను సంపుతవా మామా?"

ఆయన వెళ్ళి అరుగు మీద కూలబడ్డాడు. నా భార్య నన్ను పక్కకు పిలిచింది.

"గా మాట అనకుంటె బాగుండె. నాకంటె ముందు ఒక అక్క ఉండె. జాతరకు పోంగ కందెన ఎండి ఇరుసు ఇరిగింది, బండి బోర్లవడ్డది. అక్క దక్కలే. బండి తోలింది నాయిననే."

ఆ మాట నాకెవరూ చెప్పలేదు. అన్నాళ్ళూ ఆయన్ను చూసి లోలోపల నవ్వుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను. నూనె డబ్బా తీసుకొని, ఏదో బిగిస్తున్నట్టు బండి కిందికి దూరి, ఆ పెట్టె అడుగున ధారాళంగా పూశాను. బయటికొచ్చి మామను పిలిచాను.

"ఒక్కసారి సూడు మామా. కారుతున్నది."

ఆయన వంగి అరచెయ్యి పట్టాడు. చుక్క పడింది. దాన్ని రెండు వేళ్ళతో రుద్ది చూసుకొని, కూతుర్ని చెయ్యి పట్టి ఎక్కించి, పాపను ఒళ్ళో పెట్టాడు.

"పోన్రి. పైలం."

డాక్టరు మందుకు మూడో రోజున జ్వరం దిగింది. తోలు సీలు ఏళ్ళ తరబడి చుక్క కారనివ్వలేదు. మామ బతికినన్నాళ్ళూ, బండి తీసే ముందు ఆయన చూడకుండా కింద నూనె పూసేవాణ్ణి.