అక్క పట్టిన ఒక్కపొద్దులు

మొన్న సారపాకలో మా వీధి చివర కొత్తగా జిమ్ము పెట్టినాయన మా ఇంటికి వచ్చి, ప్రారంభం రోజున నాలుగు మాటలు చెప్పమనీ, వచ్చేటప్పుడు పాత మెడళ్లు మెడలో వేసుకుని రమ్మనీ అడిగాడు. "పెద్దాయనా, మీరు లెజెండ్ అంట గద, మాకు తెల్వకపాయె" అన్నాడు. చాయ్ తాగించి, మోకాళ్లు సహకరించడం లేదని చెప్పి పంపించేశాను. మోకాళ్లకేమీ కాలేదు, ఇప్పటికీ గోదావరి వంతెన దాటి భద్రాచలం దాకా నడిచి వస్తాను. నాకున్న బాధల్లా ఆ మెడళ్లతోనే. ఎదుటి మనిషిని చూసి అర కిలో తేడా లేకుండా బరువు చెప్పగలిగిన నేను, కళ్ల ముందు నా తోడబుట్టిన అక్క కరిగిపోతుంటే చూడలేకపోయిన ఏడాదిలో వచ్చినవి అవి. ఆ ఏడాదే నేను రాష్ట్రంలో ఫస్టు వచ్చాను.

మా తరం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, అమ్మ లేని ఇంట్లో అక్క అంటే ఏమిటో. అమ్మ పోయేనాటికి నాకు రెండేళ్లు, అక్కకు పదహారు. నన్ను చంకనేసుకుని కూలికి పోయిన మనిషి. నాకు అన్నం తినడం వచ్చాకే పెళ్లి చేసుకుంటానని పట్టుబట్టి, ఆఖరికి కల్లూరు దగ్గరి ఊరికి కోడలుగా పోయింది. నేను బడికి పోయినవాణ్ణి కాను. లారీల వెనక రాతలూ, మిరపకాయ బజ్జీలు చుట్టిచ్చిన పేపరు ముక్కలూ నాకు వాచకాలు. పెద్దయ్యాక సారపాక కాగితం మిల్లులో వెదురు లారీలు దింపే కాంట్రాక్టు పనిలో కుదిరాను. ఇద్దరు మోసే కట్టను ఒక్కణ్ణే భుజాన వేసుకు పోతుంటే చూసిన ఒక వ్యాయామం మాస్టారు, ఈ బలానికి ఒక ఆట ఉందయ్యా, దాన్ని పవర్ లిఫ్టింగ్ అంటారు అని చెప్పి నన్ను పట్టుకుపోయారు. బరువు వీపున పెట్టుకుని కూర్చుని లేవడం, వెల్లకిలా పడుకుని పైకి నెట్టడం, నేల మీదున్నదాన్ని నడుము దాకా లేపడం, ఆటంతా ఈ మూడే. విరిగిన లారీ ఇరుసు మాకు కడ్డీ, పాత బేసిన్లలో పోసి గట్టిపరిచిన సిమెంటు మాకు బరువులు.

ఈ రోజుల్లో ఉద్యోగమూ, ఇల్లూ, ఆటా మూడూ సమానంగా చూసుకోవాలని టీవీలో తీరిగ్గా ఉపన్యాసాలు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ ఇంట్లోనైనా ఒకడు ఆడుతున్నాడంటే మిగిలినవాళ్లు వాడి కోసం తమ వంతు వదులుకుంటున్నారని అర్థం. నేను షిఫ్టు దిగి తిన్నగా సాధనకు పోతే ఇద్దరు పిల్లలతో వేగింది నా భార్య. ఇంట్లో ఉన్న నాలుగు కోళ్లు పెట్టిన గుడ్లు నా కంచంలోకే వచ్చేవి. "పోరగాళ్ల నోట్లె గుడ్డు తీసి నీ నోట్లె పెడ్తున్న, జర యాదిల ఉంచుకో" అని వడ్డిస్తూనే అనేది. నేను తలొంచుకుని తినేవాణ్ణి. రాష్ట్రం మెడల్ వస్తే పని పర్మినెంట్ అవుతుందని నా నమ్మకం. అవుతుందని ఎవరూ అనలేదు, నాకు నేనే అనుకున్నాను.

ఈ ఆటలో కడ్డీ కన్నా ముందు మనిషిని తూస్తారు. నేను దిగే తరగతి అరవై ఏడున్నర కిలోలు, నా ఒళ్లేమో డెబ్బైకి తగ్గేది కాదు. అందుకని ప్రతి పోటీకి ముందు పది రోజులూ తిండి కోసుకునేవాణ్ణి. చివరి మూడు రోజులు నీళ్లు కూడా గొంతు తడిసేంతే. బుగ్గన చింతపండు పెట్టుకుని, ఊరిన ఉమ్మినంతా డబ్బాలో ఉమ్మేవాణ్ణి. మిట్టమధ్యాహ్నం గొంగడి కప్పుకుని భద్రాచలం కరకట్ట మీద పరుగెత్తేవాణ్ణి.

జిల్లా పోటీకి మూడు రోజుల ముందు, అలా గొంగడితో చెమటలు కక్కుతూ ఇంటికి వచ్చేసరికి అరుగు మీద అక్క కూర్చుని ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "ఏందిరా తమ్ముడా, గొంగడైతే కప్పినవ్ గని గొర్లేడబోయినయ్ రా?" అని పకపకా నవ్వింది. జొన్నరొట్టెలు, నాటుకోడి కూర కట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. నేను ముట్టలేదు. బరువు తూచేదాకా తినగూడదని చెబితే, చేతిలో ఉన్న రొట్టెను మళ్లీ గుడ్డలో చుట్టేసింది. కాసేపటికి, నాకు తీరిక ఎన్నడవుతుందని అడిగింది. ఖమ్మం దాకా పనున్నదట. ఏం పనక్కా అన్నాను, డబ్బాలో ఉమ్ముతూ. "ఏం లేదు తియ్. నీ పోటీ అయినంకనే పోదం" అంది. నేను రెండోసారి అడగలేదు. ఈ జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు అదే, రెండోసారి అడగకపోవడం. అప్పటికే ఆమె రొమ్ములో గడ్డ ఉంది. బావకు చెప్పడానికి సిగ్గుపడి, నాతో దవాఖానాకు పోదామని వచ్చింది.

నా అవస్థ చూసి అక్క అదేదో దీక్ష అనుకుంది. వాడట్ల కడుపు మాడ్చుకుంటుంటే నాకు ముద్దెట్ల దిగుతదని నా భార్యతో అని, ఆ రోజు నుంచే ఒక్కపొద్దులు పట్టింది. తమ్ముడు గెలిచేదాకా పొద్దంతా ఉపవాసముండి మాపటికి ఒక్క పూట తినడం. జిల్లాలో గెలిచాను. అయినా అక్క విడవలేదు. రాష్ట్రం పోటీ ఉందని మాస్టారు అన్నారు కదా, అది కూడా కానీయమంది. అలా నెలలు గడిచాయి. అక్క చిక్కిపోతుంటే ఊరంతా, ఒక్కపొద్దులుండే మనిషి చిక్కదా మరి, అనుకున్నారు. తోడబుట్టినదంటే ఇట్లుండాలని వాడకట్టు ఆడవాళ్లు పొగిడారు. నీరసమని పోతే ఊళ్లో సూది వేసేవాడు బలానికని సూదులు పొడిచాడే తప్ప, ఎందుకమ్మా అని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. జబ్బు ఆ మొక్కు చాటున దాక్కుంది.

వాళ్లను అని ఏం లాభం. జిల్లా మెడల్ చూపించడానికి కల్లూరు దిక్కు పోయినప్పుడు నేను చేసిన నిర్వాకం ఇంకా ఘోరం. గుమ్మంలో నిలబడ్డ అక్కను చూడగానే నా కన్ను అలవాటు కొద్దీ తూకం వేసేసింది. "అక్కా, ఇంకో నాలుగు కిలోలు దిగినవంటే ఆడోళ్ల చిన్న కేటగిరీల నిన్నే దింపుత" అన్నాను. "దింపురా, పప్పుగుత్తి లేపి చూపిస్త" అంది అక్క. ఇంటిల్లిపాదీ నవ్వారు, అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. ఆ రోజే పోటీలో ముగ్గురు జడ్జీలు ఉంటారనీ, లేపింది సరిగ్గా ఉంటే మూడు తెల్ల బల్బులు వెలుగుతాయనీ చెబితే చిన్నపిల్లలా విన్నది. వచ్చేటప్పుడు, ఇంకెన్ని ఉన్నయిరా పోటీలు అని అడిగింది. ఒక్కటే అక్కా అన్నాను.

ఆ ఒక్కటీ గెలిచాను. ఇంటికి కూడా పోకుండా, నా చేత్తో ఒక్కపొద్దు విడిపిద్దామని తిన్నగా అక్క దగ్గరికి పోయాను. పెరుగన్నం కలిపి ముద్ద నోట పెట్టాను. అది మింగుడు పడలేదు. మళ్లీ పెట్టాను, కక్కుకుంది. కబురు పెడితే వచ్చిన నా భార్య పక్కకు తీసుకుపోయి అడిగితే అప్పుడు జాకెట్టు విప్పి చూపించిందట.

ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ, ఇన్ని నెలలు ఏం చేస్తున్నారని కోప్పడింది. నా భార్య, "ఒక్కపొద్దులున్నదమ్మా" అంది. డాక్టరమ్మ ఒకసారి మా ముఖాలు చూసి చీటీ ముందుకు లాక్కుంది. మందు రాయడానికి బరువు చూడాలన్నారు. అక్క కాళ్ల మీద నిలబడలేకపోతే నేను రెండు చేతుల్లో ఎత్తుకున్నాను. నేల మీద నుంచి రెండు వందల కిలోలు పైగా లేపి వచ్చి వారమైనా కాలేదు, ఇప్పుడు అక్కతో పాటే కాటా ఎక్కి, అందులోంచి నా బరువు తీసేశాను. ముప్పై ఆరు కిలోలు. "మూడు బల్బులు ఎలిగినయారా?" అంది నా చెవిలో మెల్లగా. అప్పటికీ ఆమెకు వేళాకోళమే.

ఎండలు ముదరకముందే పోయింది. దినం నాడు భోజనాల దగ్గర ఎవరో, తన ఆయుష్షు పోసి తమ్ముణ్ణి గెలిపించింది మహాతల్లి అన్నారు. నాకు పిచ్చి కోపం వచ్చి విస్తరి ముందు నుంచి లేచిపోయాను. చుట్టాలందరితో మాటామాటా అయ్యింది. ఆనాటి నుంచి ఆ ఊరి గడప తొక్కలేదు. నేను గెలిచింది నా నడుము బలంతోనయ్యా, మా అక్క ఆకలితో కాదు. ఆ మాట ఎవరూ ఒప్పుకోరు, మెచ్చుకున్నట్టే ఉండి నా గుండెల మీద ఎక్కి తొక్కుతారు. ఆటను అప్పుడే వదిలేశాను. పని తర్వాత ఎన్నో ఏళ్లకు పర్మినెంట్ అయ్యింది, సీనియారిటీ చూసి ఇచ్చారు. మెడల్ ఉందా అని అడిగిన నాథుడు లేడు.

ఇప్పుడు కాలం మంచిదే. మా వీధి ఆడపిల్లలు కూడా కడ్డీలు లేపుతున్నారు. రెండు కిలోలు తగ్గితే ఎందుకు తగ్గావని చేతిలో ఫోనే అడుగుతుందట. నా కూతురు ఏడాదికొకసారి ఎవరి తోడూ లేకుండా ఖమ్మం పోయి, చేయించుకోవలసిన పరీక్షలన్నీ చేయించుకుని వస్తుంది. నాకు ఎంతో ధైర్యంగా ఉంటుంది. మా వీధిలో పిల్లల పరీక్షలకని ఏ తల్లి అయినా ఉపవాసం పట్టిందని తెలిస్తే గడపలోకి పోయి మరీ తిట్టి వస్తాను, ముసలాయనకు మతి పోయిందని వాళ్లనుకుంటే అనుకోనీ. ఒకరి కోసం ఒకరు కడుపు మాడ్చుకునే రోజులు పోయాయి, పోవలసిందే. కానీ మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నప్పుడు, నేను ఇవాళ తిన్నానా లేదా అని ఎక్కడో ఒక ఇంట్లో చేతిలో ముద్ద పట్టుకుని ఆగే మనిషి ఇక లేదు కదా అనిపిస్తుంది. అప్పుడు కాసేపు అన్నం కలపకుండా ఊరికే కూర్చుంటాను.