తెర వెనక గోనె బొమ్మ

మొన్న సాయంత్రం నాలుగేళ్ల మా అమ్మాయి చేతికి సాక్సు తొడుక్కుని దానిచేత మాట్లాడిస్తోంది; నాకు ఎన్నడూ చెప్పని బడి సంగతులన్నీ ఆ సాక్సు చెప్తుంటే నవ్వాలో భయపడాలో తెలియక తలుపు పక్కనే నిలబడిపోయాను.

డిగ్రీ అయిన కొత్తలో నారాయణఖేడ్‌లో ఒక హాస్టల్లో పనిచేశాను. కంగ్టి, సిర్గాపూర్ దిక్కు తండాల నుంచి చెరుకు కోతకు వలసపోయేవాళ్లు, చదువు ఆగకూడదని పిల్లలను ఆ ఆర్నెల్లు మా దగ్గర వదిలి వెళ్లేవాళ్లు. ఆ పిల్లలు నోరు విప్పేవాళ్లు కాదు. అందుకని గోనెసంచి ముక్కలతో బొమ్మలు కుట్టించి, దుప్పటిని తెరగా కట్టి, వెనక కూర్చుని బొమ్మచేత మాట్లాడించమనేదాన్ని. బొమ్మ చెప్పింది గది దాటదని మాటిచ్చాను. హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే తప్ప పలకని ఐదో తరగతి పిల్ల ఒకతి, ఆ తెర వెనక ఎంత మాట్లాడిందో! జ్వరంతో లేవలేని నాన్నను ముకద్దం, అంటే కూలీలను కోతకు తీసుకుపోయే మేస్త్రీ, చెరుకు గడతో కొట్టిన సంగతి ఆమె బొమ్మే చెప్పింది.

హాస్టల్ నడిపే సారు ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి అది విని మెచ్చుకుని, పట్నం నుంచి వచ్చే అతిథుల ముందు ఆడించమన్నాడు. నేను జంకితే, "బయటోళ్లే వస్తరమ్మా, మనోళ్లెవరు రారు, ఊకె పరేషాన్ గాకు" అన్నాడు. నమ్మాను. పిల్లలనూ నమ్మించాను.

ఆట మొదలయ్యాక చూస్తే ముందు వరుసలో, మెడలో పూలదండతో ముకద్దం. మరికొందరు కూలీల కోసం ఊరికి వచ్చాడట, షామియానా ఇప్పించాడని సారే పిలిచాడట. తెర వెనకున్న పిల్లకు అతను కనబడడు. లేచి ఆపాల్సింది. అతిథులేమనుకుంటారోనని కూర్చుండిపోయాను. బొమ్మ అంతా చెప్పింది. చప్పట్లు మోగాయి, ముకద్దం కూడా నవ్వుతూ కొట్టాడు.

వారం తిరగకముందే పిల్ల తల్లి చెరుకు తోట నుంచి మూటతో దిగింది. "మా పొట్టమీద కొట్టిండ్రు గద మేడమ్! గా ముకద్దం పొమ్మన్నడు. ఇగ దీన్ని గూడ తీస్కొని కర్ణాటక దిక్కు పోతం" అంది. సారు తన గదిలోంచి బయటికే రాలేదు. పిల్ల తిట్టలేదు, ఏడవలేదు. పెట్టె ఎత్తుకుంటూ, "మనోళ్లెవలు రారంటివి గద మేడమ్" అంది.

ఇప్పుడా హాస్టలుకు పక్కా భవనం వచ్చిందట, పిల్లలు మైకు పట్టుకుని వేదికల మీద బెరుకు లేకుండా ఆడుతున్నారట. సంతోషమే. సారు నన్ను మోసం చేశాడని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను, అది నిజమే; కానీ ఆ పిల్లకు మాటిచ్చింది సారు కాదు. ఆమెకూ ఈపాటికి బిడ్డలు పుట్టి ఉండొచ్చు. మనసులో మాట ఎవరికీ చెప్పొద్దనే వాళ్లకు నేర్పుతోందేమో.